శిల్పి అన్వేషణ: మైకెలాంజెలో పియెటా శిల్పాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు సాహిత్య విమర్శలో 'శిల్పం' అన్న మాట రచనా నైపుణ్యం అనే అర్థంలో స్థిరపడింది. చెప్పదలచిన వస్తువు ముందే సిద్ధంగా ఉంటుందని, దానికి తగిన రూపాన్ని ఇవ్వడమే శిల్పమని ఈ వాడుక సూచిస్తుంది. రాతిపనిలో ఒక శిల్పి నడిచిన దారిని పరిశీలిస్తే ఈ భావన ఎంతవరకు నిలుస్తుందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. ఇటలీ శిల్పి, కవి మైకెలాంజెలో (1475–1564) చెక్కిన మూడు పియెటా శిల్పాలను, అతని కవితల్లోని శిలాప్రతీకను, సమకాలికులు రాసిన జీవితచరిత్రలను ఇందుకు ఆధారంగా తీసుకోవడం జరిగింది. చివరి రెండు పియెటాలలో చెక్కడం అనే పని తెలిసినదాన్ని ప్రకటించడంగా కాక, తెలియనిదాన్ని వెతకడంగా సాగిందని, దానికి సాక్ష్యం ఆ శిల్పాల అసంపూర్ణత కాదని, వాటిలో మిగిలిన మార్పుల ఆనవాళ్ళేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శిల్పం, మైకెలాంజెలో, పియెటా, సృజన ప్రక్రియ, అన్వేషణ, అసంపూర్ణత, జక్కన, కన్యాశుల్కం.

1. ప్రవేశిక:

'శిల్పం' అన్న మాటకు తెలుగులో రెండు వాడుకలున్నాయి. రాతిలోనో, లోహంలోనో మలచిన రూపం మొదటిది. సాహిత్య రచనలోని నిర్మాణ నైపుణ్యం రెండోది. కథాశిల్పం, నవలాశిల్పం, కవితాశిల్పం అన్న సమాసాలు విమర్శకులకు నిత్యవ్యవహారం. వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' గ్రంథానికి 1999లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఒక విమర్శ గ్రంథం పేరే ఈ పరిభాష ఎంతగా వేళ్ళూనుకుందో చెబుతుంది.

ఈ రెండో వాడుక వెనుక ఒక భావన ఉంది. వస్తువు, శిల్పం అని రచనను రెండుగా విడదీసి చూడడం విమర్శలో అలవాటు. వస్తువు ముందుంటుంది, శిల్పం దాని తరవాత వస్తుంది. చెప్పవలసినదేమిటో రచయితకు ముందే తెలుసు, దాన్ని ఎంత నేర్పుగా చెప్పాడన్నదే శిల్పవిచారణ. సాహిత్యం ఈ మాటను రాతిపని నుంచి అరువు తెచ్చుకుంది కాబట్టి, రాతిపనిలో నిజంగా ఇలాగే జరుగుతుందా అని ఒకసారి వెళ్ళి చూడడం అవసరం.

ఉలిదెబ్బలు తింటేనే రాయి శిల్పమవుతుందని తెలుగులో ఒక వాడుక మాట ఉంది. ఉపన్యాసాలలో, పాఠశాలల గోడల మీద అది తరచుగా కనిపిస్తుంది. కష్టాలు ఓర్చుకున్న మనిషికి రాణింపు వస్తుందని దాని నీతి. ఆ మాట రాయి పక్షాన నిలబడి చెప్పినది. దెబ్బలు తిన్న రాయి ఏమైందో అది చెబుతుంది. ఆ దెబ్బలు కొట్టినవాడు ఏమయ్యాడో చెప్పదు. ఏళ్ళ తరబడి ఒకే రాతి ముందు నిలబడిన శిల్పి, పని మొదలుపెట్టిన మనిషిగానే మిగిలిపోతాడా? మారితే, ఆ మార్పు రాతిలో కనిపిస్తుందా? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడానికి మైకెలాంజెలో అనువైన ఉదాహరణ. అతను ఒకే ఇతివృత్తాన్ని యౌవనంలో ఒకసారి, వార్ధక్యంలో రెండుసార్లు రాతిలో చెక్కాడు. తన పని గురించి కవితలు, ఉత్తరాలు రాశాడు. అతని జీవితకాలంలోనే జార్జో వసారి (1550), అస్కానియో కొండివి (1553) అతని చరిత్రలు రాశారు. వసారి తన రచనను పెంచి 1568లో మళ్ళీ ప్రచురించాడు.

2. తీసివేసే కళ:

శిల్పం రెండు విధాలుగా తయారవుతుంది. మట్టి, మైనం వంటివాటితో చేర్చుకుంటూ పోవడం ఒక విధం. రాతిని తొలగించుకుంటూ పోవడం రెండో విధం. చిత్రకళ గొప్పదా, శిల్పకళ గొప్పదా అని పండితుడు బెనెదెత్తో వార్కి అడిగినప్పుడు, మైకెలాంజెలో జవాబు రాస్తూ ఈ భేదాన్ని ప్రస్తావించాడు. బలంతో తీసివేసేదాన్నే తాను శిల్పంగా భావిస్తానని, చేర్చుకుంటూ చేసేది చిత్రకళకు దగ్గరగా ఉంటుందని అందులో తెలిపాడు.

ఈ భేదం కేవలం పద్ధతికి సంబంధించినది కాదు. మట్టిలో పొరపాటు జరిగితే మళ్ళీ ముద్ద పెట్టవచ్చు. కాగితం మీద తప్పు వస్తే కొట్టివేసి రాయవచ్చు. రాతిలో ఊడిన పెచ్చు తిరిగి అతకదు. ప్రతి దెబ్బా ఒక నిర్ణయం, ఆ నిర్ణయానికి ఉపసంహరణ లేదు. అందువల్ల రాతిశిల్పి చేసే ఆలోచనకు ఇతర కళలలో లేని ఒక బరువు ఉంటుంది.

మైకెలాంజెలో పనిముట్లు సామాన్యమైనవే. సూదిమొన ఉలితో మొదట పెద్ద పెచ్చులు లేపేవాడు. తరవాత పళ్ళ ఉలితో రూపానికి దగ్గరగా వచ్చేవాడు. ఆ ఉలి పళ్ళు రాతి మీద సమాంతరంగా సన్నని చాళ్ళు వదులుతాయి. పిదప బల్లపరుపు ఉలి, ఆకురాయి, చివరగా నునుపు చేసే రాళ్ళు. ఫ్లారెన్స్ అకాడమీ ప్రదర్శనశాలలో ఉన్న నాలుగు 'బందీ' శిల్పాలు అసంపూర్ణంగా ఉండిపోవడం వల్ల ఈ దశలన్నీ వాటిలో ఒకేచోట కనిపిస్తాయి. ఒక భాగంలో చర్మం కింది కండరం వరకు పని జరిగి ఉంటే, దాని పక్కనే రాయి గనిలో నుంచి వచ్చినట్టే ఉంటుంది.

అతని పద్ధతిని వివరించడానికి వసారి ఒక పోలిక చెప్పాడు. మైనపు బొమ్మను నీటితొట్టెలో పడుకోబెట్టి మెల్లగా పైకి లేపితే, ముందుగా ఎత్తైన భాగాలు, తరవాత లోతైన భాగాలు నీటిలోనుంచి బయటపడతాయి. రాతిలోనుంచి ఆకృతిని అలాగే ఒక వైపు నుంచి లోపలికి వెలికి తీయాలి. ఈ పద్ధతిలో ఒక సౌలభ్యం ఉంది. వెనుక భాగంలో రాయి ముట్టుకోకుండా మిగిలి ఉంటుంది కాబట్టి, మధ్యలో ఆలోచన మారితే దానికి చోటు ఉంటుంది. శిల్పికి పూర్తి నమూనా ముందే తెలిసి ఉంటే ఈ జాగ్రత్త అవసరం లేదు. మనసు మార్చుకునే అవకాశాన్ని అతని పద్ధతే తనలో దాచిపెట్టుకుంది. ఆ అవకాశాన్ని అతను ఎంత దూరం వాడుకున్నాడో చివరి పియెటాలో కనిపిస్తుంది.

3. కవితలలో రాయి:

మైకెలాంజెలో సుమారు 300 కవితలు రాశాడు. అవి అతని మరణానంతరం 1623లో, అతని వంశంలోనివాడే అయిన చిన్న మైకెలాంజెలో సంపాదకత్వంలో, కొన్ని మార్పులతో అచ్చయ్యాయి. వాటిలో శిల్పకళను గురించి ఎక్కువ ప్రసిద్ధి పొందిన సానెట్ మీద వార్కి 1547లో ఫ్లారెన్స్ అకాడమీలో ఉపన్యసించాడు. ఒక కవి జీవించి ఉండగానే అతని ఒక్క కవితపై పండితసభలో వ్యాఖ్యానం జరగడం విశేషం.

ఎంత గొప్ప కళాకారుడి భావమైనా ఒక పాలరాతి దిమ్మెలో ముందే ఉంటుందని, బుద్ధికి లోబడిన చెయ్యి మాత్రమే దాన్ని చేరుకోగలదని ఆ సానెట్ మొదటి భాగంలోని ఆశయం. దీనినుంచే 'శిల్పం రాతిలోనే ఉంది, అనవసరమైన రాతిని తీసివేయడమే శిల్పి పని' అన్న మాట లోకంలో ప్రచారమైంది. తెలుగు వేదికల మీద కూడా అది తరచుగా వినబడుతుంది. కవితను చివరి వరకు చదివితే అర్థం వేరుగా తేలుతుంది. రాతిలో ఒక్క రూపమే దాగి ఉందని కవి చెప్పలేదు. కళాకారుడు ఊహించగల ప్రతిదీ అందులో ఉందన్నాడు. అన్నీ ఉన్నచోట ఏది బయటికి వస్తుందన్నది చేతి మీద ఆధారపడుతుంది. ఆ తరవాత కవిత ప్రేమ వైపు తిరుగుతుంది. ప్రియురాలి హృదయంలో కరుణ, మృత్యువు రెండూ ఉన్నా, తన అల్పబుద్ధి మృత్యువును తప్ప మరొకదాన్ని వెలికి తీయలేకపోతున్నదని ముగుస్తుంది. అంటే ప్రపంచమంతా శిల్పి విజయగీతంగా ఉదాహరించే ఈ కవిత నిజానికి ఒక వైఫల్యాన్ని ఒప్పుకునే కవిత.

విత్తోరియా కొలొన్నాను ఉద్దేశించినదిగా భావించే మరొక కవితలో ఈ ప్రతీక తలకిందులవుతుంది. రాయి తరుగుతున్న కొద్దీ అందులోని సజీవమూర్తి పెరుగుతుందని మొదలుపెట్టి, తన ఆత్మలోని మంచి తన దేహమనే మొరటు పొర కింద కప్పబడి ఉందని, దాన్ని తొలగించే శక్తి తనలో లేదని, ఆమె మాత్రమే తొలగించగలదని అంటాడు. మొదటి కవితలో కవి శిల్పి. రెండో కవితలో కవే రాయి. ఉలి పట్టుకున్న చెయ్యి, ఉలిదెబ్బ తినే రాయి ఒకే మనిషిలో ఉన్నాయి. తెలుగు వాడుక మాటలో రాతికి మాత్రమే దక్కిన అనుభవాన్ని ఈ కవిత శిల్పికి కూడా ఇస్తుంది. విత్తోరియా కొలొన్నా 1547లో మరణించింది. అతను ఎవరూ అడగకుండా మళ్ళీ పియెటా చెక్కడానికి పూనుకున్నది ఆ సంవత్సరాలలోనే.

4. మూడు పియెటాలు:

'పియెటా' అంటే ఇటాలియన్ భాషలో కరుణ, జాలి. సిలువ మీదినుంచి దించిన క్రీస్తు దేహాన్ని తల్లి మరియ పట్టుకుని ఉన్న దృశ్యాన్ని చిత్రించే కళాఖండాలకు ఈ పేరు వాడుతారు. మైకెలాంజెలో చేసిన మూడు పియెటాలను వరుసగా చూస్తే ఒకే ప్రశ్నకు మూడు వయసులలో అతను ఇచ్చిన స్పందనలు కనిపిస్తాయి.

4.1. రోమ్ పియెటా:

1498లో ఫ్రెంచి కార్డినల్ జా బిలేర్ తన సమాధి కోసం ఈ శిల్పాన్ని కోరాడు. రోమ్‌లో ఉన్న పాలరాతి పనులన్నిటిలోనూ ఇది అందమైనదిగా ఉంటుందని ఒప్పందంలో హామీ ఉంది. శిల్పి వయసు అప్పటికి 23. ఆ హామీ నెరవేరింది. కూర్చున్న తల్లి ఒడిలో ఎదిగిన కొడుకు మృతదేహాన్ని నిలపడం కష్టమైన నిర్మాణ సమస్య. మరియ వస్త్రాన్ని విశాలమైన ముడతలుగా పరచి శిల్పి దాన్ని పరిష్కరించాడు. రాయి అంతటా అద్దంలా నునుపు తేలింది. మరియ ఛాతీ మీది పట్టీపై తన పేరు చెక్కాడు. అతను సంతకం చేసిన శిల్పం ఇది ఒక్కటే.

ఇక్కడ దుఃఖం ఉంది కాని సందేహం లేదు. శిల్పికి ఏం చెప్పాలో తెలుసు, ఎలా చెప్పాలో తెలుసు, ఎవరు చెప్పారో లోకానికి తెలియాలన్న కోరికా ఉంది. వస్తువు ముందు, శిల్పం తరవాత అన్న విమర్శ సూత్రం ఈ శిల్పానికి చక్కగా వర్తిస్తుంది.

4.2. ఫ్లారెన్స్ పియెటా:

రెండో పియెటా సుమారు 1547లో మొదలైంది. అప్పటికి అతని వయసు 70 దాటింది. సెయింట్ పీటర్స్ ఆలయ నిర్మాణ బాధ్యత మీద పడింది. ఈ శిల్పాన్ని ఎవరూ కోరలేదు. దీన్ని తన సమాధి మీద నిలపాలని అతను అనుకున్నట్టు వసారి చెప్పాడు. రాత్రిపూట, తలకు పెట్టుకున్న దళసరి కాగితపు టోపీ మీద కొవ్వొత్తి వెలిగించుకుని అతను పనిచేసేవాడని కూడా వసారి రాశాడు. సుత్తి ఆడించడం శరీరానికి ఆరోగ్యకరమని అతను భావించేవాడని వసారి వివరణ. ఆరోగ్యం కోసమే అయితే ఏ రాతినైనా కొట్టవచ్చు. తన సమాధి మీద నిలబడవలసిన రాతినే ఎందుకు ఎంచుకున్నాడన్నదానికి ఆ వివరణలో జవాబు లేదు.

ఈ శిల్పంలో నాలుగు ఆకృతులున్నాయి. జారిపోతున్న క్రీస్తు, అతని ఇరువైపులా మరియ, మగ్దలేనే మరియ, వెనుక నిలబడి అందరినీ ఆదుకుంటున్న వృద్ధుడు నీకొదేము. ఆ వృద్ధుడి ముఖం శిల్పిదేనని వసారి తెలిపాడు. ఈ ఎంపికకు లోతైన అర్థముంది. యోహాను సువార్తలో నీకొదేము రాత్రివేళ క్రీస్తు దగ్గరికి వచ్చి ప్రశ్న అడిగినవాడు. ముసలివాడైన మనిషి మళ్ళీ ఎలా పుట్టగలడన్నది ఆ ప్రశ్న. అంతేకాక, ఇటలీలోని లూకా పట్టణంలో పూజలందుకునే సిలువమూర్తిని చెక్కినవాడు నీకొదేమేనని ఐతిహ్యం. రాత్రి వచ్చి అడిగిన వృద్ధుడు, శిల్పి – ఈ రెండు గుర్తులూ కొవ్వొత్తి వెలుగులో పనిచేసే మైకెలాంజెలోకు సరిపోతాయి. మొదటి పియెటాలో రాతి మీద అతని పేరు ఉంది. ఇక్కడ పేరు లేదు, ముఖం ఉంది. ఆ ముఖం కర్త ముఖం కాదు, బరువు మోస్తూ అడుగుతున్నవాడి ముఖం.

సుమారు 1555లో మైకెలాంజెలో ఈ శిల్పాన్ని పగలగొట్టాడు. రాయి చాలా గట్టిదని, దోషాలున్నదని, ఉలి తగిలితే నిప్పురవ్వలు లేచేవని వసారి కారణాలు చెప్పాడు. పూర్తి చేయమని సేవకుడు ఉర్బీనో విసిగించడాన్ని కూడా ఒక కారణంగా చూపాడు. ముక్కలను ఫ్రాన్చెస్కో బాందీని తీసుకున్నాడు. శిష్యుడు తిబేరియో కల్కాని వాటిని అతికించాడు. క్రీస్తు ఎడమ కాలు మాత్రం ఈనాటికీ లేదు. 2019–2021 మధ్య జరిగిన శుద్ధీకరణలో ఈ రాయి సెరవెజ్జా గనులదని, దానిలో సన్నని పగుళ్ళు అనేకం ఉన్నాయని గుర్తించారు. రాతిని నిందించిన వృద్ధుడి మాటలో నిజముందన్నమాట.

రాతి లోపలి దోషం అనగానే తెలుగు పాఠకులకు జక్కన కథ గుర్తుకు వస్తుంది. కర్ణాటకకు చెందిన ఈ ఐతిహ్యం 1964లో వచ్చిన 'అమరశిల్పి జక్కన' చిత్రం ద్వారా తెలుగువారికి సుపరిచితమైంది. మహాశిల్పి చెక్కిన విగ్రహంలో దోషముందని ఒక యువకుడు అంటాడు. గంధం పూస్తే అంతా ఆరి, ఒక్కచోట మాత్రం తడి నిలుస్తుంది. అక్కడ ఉలి వేయగానే నీరు, కప్ప బయటపడతాయి. మాట ప్రకారం జక్కన తన చేతిని నరుక్కుంటాడు. ఆ యువకుడు తన కొడుకేనని తరవాత తెలుస్తుంది. రాతి పరీక్షకు భారతీయ సంప్రదాయం ఇచ్చిన ప్రాధాన్యం ఈ కథ వెనుక ఉంది. తట్టినప్పుడు వచ్చే ధ్వనిని బట్టి శిలను పురుష, స్త్రీ, నపుంసక భేదాలుగా నిర్ణయించడం, గర్భదోషమున్న శిలను విడిచిపెట్టడం శిల్పులకు విధి.

ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెడితే ఒక భేదం స్పష్టమవుతుంది. జక్కన కథలో దోషం రాతిది, శిక్ష చేతికి పడింది. మైకెలాంజెలో చేతిని వదిలి రాతిని శిక్షించాడు. జక్కన అపరాధం తెలుసుకోలేకపోవడం. శాస్త్రం తెలిసినవాడు తెలుసుకుని ఉండవలసింది. మైకెలాంజెలోకు అలాంటి శాస్త్రం రక్షణగా లేదు. అతను పగలగొట్టిన రాతిలో అతని ముఖమూ ఉంది. అందువల్ల ఆ కోపం పూర్తిగా రాతి మీది కోపమేనని చెప్పడం కష్టం.

4.3. రొండానిని పియెటా:

మూడో పియెటా 1550లలో మొదలై అతని మరణం వరకు సాగింది. ఇప్పుడది మిలాన్ నగరంలోని స్ఫోర్జా కోటలో ఉంది. ఎత్తు 195 సెంటీమీటర్లు. మరణానికి కొద్ది రోజుల ముందు ఒక శనివారమంతా అతను నిలబడి ఈ శిల్పం మీద పనిచేశాడని శిష్యుడు దనియేలె ద వొల్తెర్రా ఉత్తరంలో రాశాడు. 1564 ఫిబ్రవరి 18న, 88 ఏళ్ళ వయసులో అతను మరణించాడు.

ఈ శిల్పంలో మొదట కంటపడేది క్రీస్తు పక్కన విడిగా నిలిచిన ఒక చెయ్యి. అది ఏ దేహానికీ చెందదు. చక్కగా నునుపు తేలిన ఆ చెయ్యి మొదటి రూపకల్పనలోని క్రీస్తుది. ఆ రూపాన్ని దాదాపు పూర్తి చేసిన తరవాత శిల్పి మనసు మార్చుకున్నాడు. క్రీస్తు తలను, మొండేన్ని తొలగించాడు. కొత్త క్రీస్తుకు కావలసిన రాయి ఎక్కడిది? వెనుక నిలబడిన మరియ దేహంలోనుంచి తీసుకున్నాడు. తల్లి భుజంగా, వక్షంగా చెక్కిన రాతిలోనుంచి కొడుకు తలను, దేహాన్ని చెక్కాడు. నునుపైన కాళ్ళు మాత్రం పాత క్రీస్తువే. మరియ ముఖం మీద కూడా వేరే దిక్కుకు చూస్తున్న పాత ముఖపు ఆనవాళ్ళున్నాయి.

ఫలితంగా ఇద్దరి దేహాలూ సన్నబడి, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. తల్లి కొడుకును పట్టుకుని నిలబెడుతున్నదా, కొడుకే తల్లిని వీపు మీద మోస్తున్నాడా అన్నది తేల్చుకోలేము. రోమ్ పియెటాలో తల్లి ఒడి, కొడుకు దేహం స్పష్టంగా రెండు. ఇక్కడ రాయే రెంటినీ ఒకటి చేసింది. మరణించిన బిడ్డ తిరిగి తల్లి దేహంలోనుంచే రూపం పొందుతున్నాడన్న భావం ఈ శిల్పంలో ప్రతీకగా చెప్పబడినది కాదు, భౌతికంగా జరిగినది. ముసలివాడైన మనిషి మళ్ళీ ఎలా పుట్టగలడన్న నీకొదేము ప్రశ్న ఇక్కడికి నడిచి వచ్చిందని భావించవచ్చు. అయితే ఈ భావం ముందుగా ఊహించుకుని చెక్కినది కాదు. ముందుగా ఊహించి ఉంటే మొదటి క్రీస్తును నునుపు తేల్చేవరకు వెళ్ళేవాడు కాదు. తన చేతితో చేసినదాన్ని చూసి, అది చాలదని తెలుసుకుని, దాన్ని పోగొట్టుకుంటే తప్ప ఈ రూపం దొరకలేదు.

అతని మరణానంతరం రోమ్ ఇంటిలో తయారుచేసిన వస్తువుల జాబితాలో, క్రీస్తు, అతని పైన అంటుకుని ఉన్న మరొక ఆకృతి అన్నట్టుగా మాత్రమే దీని వివరం ఉంది. రాసిన అధికారికి ఆ రెండో ఆకృతి ఎవరో కూడా నిర్ధారణ కాలేదనుకోవాలి.

5. అసంపూర్ణత – ఒక అభ్యంతరం:

ఈ పరిశీలనకు ఒక సహేతుకమైన అభ్యంతరం ఉంది. మైకెలాంజెలో పనులు అసంపూర్ణంగా మిగలడానికి బాహ్యకారణాలు ఎన్నో ఉన్నాయి. రెండో జూలియస్ పోపు సమాధి పని 1505లో మొదలై, ఒప్పందాలు మారుతూ, పరిమాణం తగ్గుతూ 1545లో ముగిసింది. ఆ సమాధి కోసం మొదలైన 'బందీ' శిల్పాలు అతను 1534లో ఫ్లారెన్స్ విడిచి వెళ్ళాక అక్కడే ఉండిపోయాయి. వాటి అసంపూర్ణతలో తాత్త్వికార్థాన్ని చూడడం తరవాతి తరాల అభిరుచి కావచ్చు. రొండానిని పియెటాను కూడా మరణం ఆపింది తప్ప శిల్పి ఆపలేదు.

ఈ అభ్యంతరం అంగీకరించదగినదే. అసంపూర్ణత తనంతట తాను అన్వేషణకు రుజువు కాదు. మధ్యలో ఆగిన ప్రతి పనీ వెతుకులాట కాదు. అయితే ఇక్కడ ఆధారంగా తీసుకున్నది పూర్తికాని భాగాలను కాదు, పూర్తయిన తరవాత తొలగించిన భాగాలను. విడిగా నిలిచిన ఆ చెయ్యి పూర్తయిన చెయ్యి. దాన్ని వదులుకోమని ఏ పోపూ ఆజ్ఞాపించలేదు, ఏ ఒప్పందమూ కోరలేదు, ఆనాటికి మరణమూ రాలేదు. అది శిల్పి స్వయంగా తీసుకున్న నిర్ణయం. అందువల్ల అసంపూర్ణత కన్నా మార్పు బలమైన సాక్ష్యం.

సుమారు 1554లో రాసి వసారికి పంపిన సానెట్ ఈ సందర్భంలో గమనించదగింది. జీవితనౌక రేవు చేరుతున్నదని, కళను దైవంగా, ప్రభువుగా భావించిన తన ఊహ పొరపాటని, ఇక చిత్రలేఖనం కాని శిల్పం కాని ఆత్మను శాంతింపజేయలేవని అందులో అతను ప్రకటించాడు. ఆ మాట రాసిన తరవాత కూడా సుమారు పదేళ్ళు ఉలి పట్టాడు. శాంతి ఇవ్వదని తెలిసిన పనిని 88 ఏళ్ళ వయసులో నిలబడి చేయడానికి కీర్తి, ధనం, ఆజ్ఞ ఏవీ కారణాలు కావు. కవితలో ముగిసిన ప్రశ్న రాతిలో ముగియలేదన్నదే సమంజసమైన వివరణ.

6. ధ్యానం – అన్వేషణ:

భారతీయ శిల్ప సంప్రదాయం ఈ విషయంలో భిన్నమైన మార్గాన్ని చూపుతుంది. ప్రతిమ చేసేవాడు ధ్యానపరుడై ఉండాలని, ప్రత్యక్షంగా చూడడం కన్నా ధ్యానమే ముఖ్యమని శుక్రనీతి చెబుతుంది. ముందు మనసులో మూర్తి నిలవాలి, తరవాతనే ఉలి పట్టాలి. తాళమానం అవయవాల కొలతలను నిర్ణయిస్తుంది. 'మాళవికాగ్నిమిత్రం'లో నాయిక చిత్రపటం ఆమె అందానికి తగినట్టు లేదని గ్రహించిన రాజు, చిత్రకారుడి సమాధి సడలి ఉంటుందని భావిస్తాడు. లోపం చేతిలో కాదు, చిత్తైకాగ్రతలో. చివరగా నేత్రోన్మీలనంతో విగ్రహం పూర్తవుతుంది. ఆ క్షణం నుంచి అది శిల్పిది కాదు, దేవుడిది.

ఈ మార్గంలో కూడా అన్వేషణ ఉంది. అది ఉలి పట్టడానికి ముందే, ధ్యానంలో జరిగిపోతుంది. మైకెలాంజెలో చివరి రచనలలో ఆ ధ్యానం చెక్కడంలోకే ప్రవేశించింది. ఒకచోట సాధన ముగిశాక పని మొదలవుతుంది. మరొకచోట పనే సాధన. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని చెప్పడానికి ఈ పోలిక ఉద్దేశించినది కాదు. నేత్రోన్మీలనం ఉన్న సంప్రదాయంలో శిల్పికి పని నుంచి విడుదల ఉంది. రొండానిని శిల్పికి అటువంటి ముగింపు క్రియ ఏదీ లేదు. అతను చెల్లించిన మూల్యం అది.

7. ముగింపు:

సాహిత్య విమర్శ శిల్పులనుంచి 'శిల్పం' అన్న మాటను తీసుకున్నప్పుడు, పూర్తయి నునుపు తేలిన విగ్రహాన్ని మాత్రమే దృష్టిలో పెట్టుకుంది. రోమ్ పియెటా వంటి రచనలకు ఆ దృష్టి సరిపోతుంది. రొండానిని పియెటా వంటి రచనలకు సరిపోదు. అక్కడ వస్తువు శిల్పానికి ముందు లేదు. చెక్కడంలోనే అది తెలిసివచ్చింది.

తెలుగు సాహిత్యంలో దీనికి దగ్గరి ఉదాహరణ 'కన్యాశుల్కం'. గురజాడ 1897లో ప్రచురించిన నాటకాన్ని తిరిగి రాసి, 1909లో దాదాపు కొత్త నాటకంగా ప్రకటించాడు. మధురవాణి పాత్ర ఎంతో విస్తరించింది. ఇది కేవలం రచనా నైపుణ్యం మెరుగుపడడం కాదు. కన్యాశుల్క దురాచారం గురించి రాయడానికి పూనుకున్న రచయిత, రాస్తూ రాస్తూ తన సమాజాన్ని గురించి మరికొంత తెలుసుకున్నాడు. తొలి, మలి కూర్పులను పోల్చి చూసిన విమర్శకులు ఈ ఎదుగుదలను గుర్తించగలిగారంటే రెండూ అచ్చులో మిగిలి ఉండడమే కారణం. రాతికి ఆ సౌకర్యం లేదు. మలి కూర్పు తొలి కూర్పును తినివేస్తుంది. మిలాన్‌లోని ఆ ఒంటరి చెయ్యి, తినివేతనుంచి తప్పించుకున్న తొలి కూర్పులోని ఒక పుట.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. రాతిశిల్పంలో ప్రతి దెబ్బా తిరుగులేని నిర్ణయం కావడం వల్ల సృజన ప్రక్రియలోని ఆలోచన, సందేహం, మార్పు ఇతర కళలకన్నా స్పష్టంగా ఆనవాళ్ళు వదులుతాయి.

2. రూపం రాతిలో ముందే ఉందన్న మాటకు ఆధారమైన సానెట్ శిల్పి విజయాన్ని కాక, అతని అశక్తతను చెబుతుంది.

3. ఎవరూ కోరకుండా చెక్కిన చివరి రెండు పియెటాలు శిల్పి తన మరణాన్ని, విశ్వాసాన్ని గురించి తనకు తాను వేసుకున్న ప్రశ్నలు. ఒకదానిలో అతని ముఖముంది. రెండోదానిలో ఆ ముఖం కూడా అవసరం లేకపోయింది.

4. అసంపూర్ణత కన్నా, పూర్తయినదాన్ని వదులుకోవడమే అన్వేషణకు నమ్మదగిన సాక్ష్యం. సాహిత్యంలో కూడా కొట్టివేతలు, తిరగరాతలు, వేర్వేరు కూర్పులు ఈ దృష్టితో అధ్యయనానికి రావలసి ఉంది.

శిల్పవిచారణ అంటే రచన ఎంత బాగా కుదిరిందో చెప్పడం మాత్రమే కాదు. ఆ రచన చేస్తూ రచయిత ఏం వదులుకున్నాడో, అలా వదులుకోవడం వల్ల ఏం తెలుసుకున్నాడో అడగడం కూడా దానిలో భాగమే.